స్వాతి చుక్క జరిగింది

గెట్టు పంచాయితీల్లోనే నా ముప్పై నాలుగేళ్ల నౌకరీ గడిచింది. భూమి కొలతల శాఖలో సర్వేయరుగా చేరాను, ఆ కుర్చీలోనే రిటైరయ్యాను. కుర్చీ అనడం మాట వరసకే, ఎక్కువ కాలం నిలబడింది ఎండలోనే. ఇద్దరు పాలోళ్లు గెట్టు మీదికి వస్తారు. రాయి జరిపాడని ఒకడు, తాతల నాటి నుంచీ అక్కడే ఉందని ఇంకొకడు. "నువ్వే చెప్పు సారూ" అని ఇద్దరూ నా మొహంలోకి చూస్తారు. హద్దురాయిని ఎంతసేపు చూసినా అది జరిగిందో లేదో తెలియదు. జరిపినవాడు మట్టి శుభ్రంగా కప్పుతాడు, నాలుగు వానలు పడితే చుట్టూ గడ్డి మొలుస్తుంది, పుట్టినప్పటి నుంచీ అక్కడే ఉన్నట్టు కూర్చుంటుంది.

అప్పుడు కావలసినవి రెండు. ఒకటి, ఆ రాయి దాకా ఎవరో ఎప్పుడో గొలుసు లాగి రాసిపెట్టిన టిప్పన్. మా వైపు గొలుసు 33 అడుగులది, దానికి 16 అణాలు. గొలుసు పొడవు, గొలుసు వెడల్పు ఉన్న నేల గుంట, 40 గుంటలు ఎకరం. నిజాం జమానాలో రాసిన టిప్పన్ కాగితం ముట్టుకుంటే పొడిగా రాలుతుంది. రాలితే రాలనీ, అంకె కనిపిస్తే చాలు. రెండోది, చుట్టుపక్కల జరగని రాళ్లు. వాటి మీద నిలబడి కొలిస్తేనే జరిగిన రాయి పట్టుబడుతుంది. కొత్తలో ఒకసారి నేను జరిగిన రాయి మీదే నిలబడి జరగని నాలుగింటినీ తప్పు పట్టాను. ముసలి చైన్‌మన్ ఒకాయన పక్కకు పిలిచి చెప్పేదాకా తెలుసుకోలేదు.

నేను కొలువులో చేరిన మరుసటి ఏడే, 1980 ఫిబ్రవరి 16న, మా నేల మీదుగా సంపూర్ణ సూర్యగ్రహణం నడిచింది. ఇబ్రహీంపట్నం దాటాక ఉన్న రంగాపూర్ అబ్జర్వేటరీకి శాస్త్రజ్ఞులు దేశదేశాల నుంచి వచ్చారు. నేను మాత్రం తలుపులు మూసుకుని ఇంట్లో కూర్చున్నాను. ఆ సిగ్గుతోనే కావచ్చు, రిటైరయ్యాక ఒక చిన్న దూరదర్శిని కొనుక్కుని మేడ ఎక్కడం మొదలుపెట్టాను. అలా చదువుతూ చదువుతూ ఉండగా 1718లో ఇంగ్లండులో తెగిన ఒక గెట్టు పంచాయితీ సంగతి కంటబడింది. జరిగింది రాయి కాదు, స్వాతి.

స్వాతి మనకు చుక్కగా కంటే కార్తెగానే ఎక్కువ తెలుసు. అక్టోబరు ఆఖరు వారంలో వచ్చి పద్నాలుగు రోజులుంటుంది. ఆ కార్తెలో పడిన చినుకు ముత్యపు చిప్పలో చేరితే ముత్యమవుతుందంటారు. మా నాయినకు ముత్యాల ధ్యాస లేదు, కోతకొచ్చిన వరి మీద ఆ చినుకు పడకూడదనే ఆయన బాధంతా. తమాషా ఏమిటంటే స్వాతి కార్తెలో స్వాతిని చూడలేం. సూర్యుడు ఆ దాపులకు చేరితేనే ఆ కార్తె, కాబట్టి చుక్క సంధ్య వెలుగులో మునిగిపోయి ఉంటుంది. చూడాలంటే ఎండాకాలం రావాలి. వైశాఖంలో రాత్రి పది దాటాక ఆరుబయట మంచం మీద వెల్లకిలా పడుకుంటే, సప్తర్షుల తోక వంపును అలాగే పొడిగించుకుంటూ పోయిన చోట, దాదాపు నడినెత్తిన, నారింజ పండు రంగులో ఒంటరిగా వెలుగుతుంది. హైదరాబాదు అక్షాంశం 17 డిగ్రీల పైచిలుకు, స్వాతి ఖగోళ మధ్యరేఖకు ఉత్తరంగా 19 డిగ్రీలు. అందుకే అంత నెత్తి మీదికి వస్తుంది. ఖగోళపు ఉత్తరార్ధంలో దానికి మించి వెలిగే నక్షత్రం లేదు. పసిఫిక్ నడుమ హవాయి దీవులదీ ఇంచుమించు ఇదే అక్షాంశం. అక్కడి నావికులు దీన్ని హోకూలెఅ, అంటే ఆనంద తార, అన్నారు. అది నెత్తి మీదికొస్తే ఇల్లు చేరినట్టే వాళ్లకు. 1976లో తాహితీకి తెరచాపతో వెళ్లొచ్చిన పడవకూ ఆ పేరే పెట్టుకున్నారు.

ఇంకో తమాషా కూడా చెప్పాలి, ఇది సర్వేయరు కంటికే ఆనుతుంది. పంచాంగం ఆకాశాన్ని 27 సమభాగాలు చేసి ఒక్కో నక్షత్రానికి 13 డిగ్రీల 20 కళలు (డిగ్రీలో అరవయ్యో వంతు కళ) పంచింది. స్వాతి చుక్క ఎక్కడో ఉత్తరాన ఉంది కానీ, తూర్పు పడమరల లెక్కలో అది చిత్త చుక్కకు సరిగ్గా ఎదురుగా, దాదాపు ఒకే గీత మీద ఉంటుంది. కాబట్టి ఇవాళ మన పంచాంగాల్లో వాడే లెక్కన స్వాతి చుక్క ఉన్నది స్వాతి భాగంలో కాదు, చిత్త భాగంలో. పట్టా ఒక సర్వే నంబరులో, కాస్తు ఇంకో సర్వే నంబరులో. మా శాఖలో ఇలాంటివి కొల్లలు.

గ్రీకు రైతులకూ ఇది కార్తె చుక్కే. ఆర్క్‌టూరస్ అన్నారు, ఎలుగుబంటి కాపరి అని అర్థం. సప్తర్షి మండలం వాళ్లకు ఎలుగుబంటి. క్రీస్తుకు పూర్వం ఏడెనిమిది వందల ఏళ్ల కిందటి హెసియోడ్ కావ్యంలో, ఇది సాయంత్రం తూర్పున పొడిచే రోజుల్లో ద్రాక్ష తీగలు కత్తిరించుకోవాలనీ, తెల్లవారుజామున కనిపించే నాటికి పళ్లు కోయాలనీ ఉంటుంది. అంతవరకు వాళ్లూ మనమూ ఒకటే. తేడా ఎక్కడ వచ్చిందంటే వాళ్లలో కొందరు దాని దగ్గరికి గొలుసు లాగారు. అలెగ్జాండ్రియాలో టిమోకారిస్, ఆయన తరవాత హిప్పార్కస్, క్రీస్తు శకం రెండో శతాబ్దంలో టాలెమీ. టాలెమీ పట్టికలో వెయ్యి పైచిలుకు నక్షత్రాలున్నాయి. అందులో స్వాతి ఎర్రనిదని రాసి ఉంది, సూర్యుడు నడిచే దారికి, అంటే క్రాంతివృత్తానికి, ఉత్తరంగా ఎంత దూరమో డిగ్రీల్లో, డిగ్రీ ముక్కల్లో కూడా రాసి ఉంది. ఆ పట్టిక బాగ్దాదులో అరబ్బీలోకి వెళ్లి, తిరిగి లాటిన్‌లోకి వచ్చి, చేతులు మారుతూ బతికింది.

హేలీ అనగానే అందరికీ తోకచుక్కే గుర్తొస్తుంది. నాకు మాత్రం ఆయన 1718లో రాసిన మూడు పేజీలు ఎక్కువ. అప్పటికి ఆయన ఆక్స్‌ఫర్డులో ప్రొఫెసరు. అయనచలనం ఏడాదికి ఎంతో తేల్చడానికి టాలెమీ అంకెలను తన కాలపు అంకెలతో పక్కపక్కన పెట్టుకున్నాడు. అయనచలనం వల్ల నక్షత్రాలన్నీ ఒక్క లెక్కన తూర్పుకు జరిగినట్టు కనిపిస్తాయి, ఊరి పటం మొత్తాన్ని బల్ల మీద పక్కకు తోసినట్టు. కానీ క్రాంతివృత్తానికి ఉత్తర దక్షిణాల దూరం, అంటే విక్షేపం, దానివల్ల మారకూడదు. భూమి వాలు మారడం వల్ల వచ్చే కాస్త తేడాకు లెక్క వేరే ఉంది, అది తీసేయొచ్చు. అంతా తీసేశాక మూడు చుక్కలు మిగిలాయి. లుబ్ధకం, రోహిణి, స్వాతి. మూడూ పూర్వులు చెప్పిన చోటికి అర డిగ్రీకి పైగా దక్షిణాన ఉన్నాయి. అర డిగ్రీ అంటే పున్నమి చంద్రుడి వెడల్పు. పూర్వులు పొరబడ్డారని తోసేయొచ్చు, చాలామంది అదే చేసేవాళ్లు. హేలీ ఏమన్నాడంటే, ఇవి బాగా వెలిగే చుక్కలు, మనకు దగ్గరివి కావచ్చు, అందుకే వీటి కదలిక ముందు బయటపడి ఉండవచ్చు. నిశ్చల తారలన్న పేరు ఆ రోజుతో చెల్లిపోయింది.

మూడింటిలో ఒకటి మాత్రం తప్పు. రోహిణి ఏడాదికి కదిలేది వికళలో ఐదో వంతు. పద్దెనిమిది వందల ఏళ్లయినా ఆరు కళలు దాటదు. (కళలో అరవయ్యో వంతు వికళ.) పాత అంకెలోని పొరపాటే అక్కడ కదలికగా కనిపించింది. మూడు రాళ్లు జరిగాయని చెప్పి రెండింటిలో నెగ్గడం తక్కువేమీ కాదు, మా శాఖలో అయితే ప్రమోషన్ ఇస్తారు.

తీర్పు ఖాయం చేసింది పారిస్‌లో జాక్ కాసిని, 1738లో. ఆయన చేసిన పని చదివినప్పుడు ముసలి చైన్‌మన్ గుర్తొచ్చాడు. 1672లో జాన్ రిషే దక్షిణ అమెరికాలోని కయెన్‌కు వెళ్లి స్వాతిని కొలిచి ఉన్నాడు. ఆ అంకెకూ తన అంకెకూ తేడా వచ్చింది. తేడా పరికరానిదా, చుక్కదా? కాసిని స్వాతి పక్కనే, అదే భూతేశ మండలంలో ఉన్న ఇంకో చుక్కను కొలిచాడు. అది ఉన్నచోటే ఉంది. పక్క రాయి జరగలేదు, అంటే జరిగింది ఈ రాయే.

మన వాళ్ల అంకెలు లేవా అంటే ఉన్నాయి. సూర్య సిద్ధాంతం స్వాతికి ధ్రువకం 199 డిగ్రీలు, ఉత్తర విక్షేపం 37 డిగ్రీలు అని చెబుతుంది. కొలిచే తీరు గ్రీకులది కాదు కనుక అంకెలు వేరుగా ఉంటాయి, అది దోషం కాదు. చిక్కంతా డిగ్రీకి కింద ఏమీ రాయకపోవడంలో ఉంది. స్వాతి ఏడాదికి 2.28 వికళలు జరుగుతుంది. ఆర్యభటీయం వెలువడిన 499 నుంచి నేటి దాకా కూడితే డిగ్రీకి ఒక పిసరు తక్కువ. పదిహేను వందల ఏళ్ల నడక మొత్తం ఆ రాయని భిన్నంలోనే దాగిపోయింది. సిద్ధాంతకర్తలకు గ్రహం నక్షత్రాన్ని ఎప్పుడు కలుస్తుందో చెప్పడం కావాలి, దానికి ఆ అంకె చాలు. గెట్టు పంచాయితీ వస్తుందని వాళ్లనుకోలేదు.

సవాయి జైసింగ్ సంగతి నన్ను ఎక్కువ బాధపెడుతుంది. ఢిల్లీలో, జైపూరులో ఇంటి కంటే ఎత్తయిన రాతి యంత్రాలు కట్టించాడు. హేలీ కాలంవాడే. ఆయన కొలువులో తయారైన జిజ్-ఇ-మహమ్మద్ షాహీ నక్షత్ర పట్టిక చూస్తే, సమర్‌ఖండ్‌లో ఉలుగ్ బేగ్ 1437 నాటి పట్టికనే తీసుకుని, అయనచలనం కింద అన్నింటికీ 4 డిగ్రీల 8 కళలు కలిపారు. విక్షేపాలను ముట్టుకోలేదు. అంటే స్వాతి జరుగుతున్న దిక్కునే కొత్తగా కొలవలేదు. పాత పహాణీకి కొత్త సంవత్సరం వేసి సంతకం పెట్టడం నేను చాలాసార్లు చూశాను. అంత గొప్ప యంత్రాలు చేతిలో పెట్టుకుని ఆ పని చేశారే అని నా బాధ.

నా గొలుసు లెక్కలో చెప్పుకుంటే స్వాతి నడక నాకు బాగా అందుతుంది. చంద్రబింబం వెడల్పును ఒక గొలుసు అనుకోండి. స్వాతి ఒక గొలుసు నడవడానికి ఎనిమిది వందల ఏళ్ల పైచిలుకు. అంటే ఏభై ఏళ్లకు ఒక అణా. నేను పుట్టినప్పటి నుంచి ఇప్పటికి అణా మీద పావు దాకా జరిగింది, నైరుతిగా, దాదాపు చిత్త వైపు. బాగా వెలిగే చుక్కల్లో ఇంత నడక ఇంకెవరికీ లేదు, ఒక్క ఆల్ఫా సెంటారీకి తప్ప. అది మనకు నాలుగు కాంతి సంవత్సరాల దూరంలోనే ఉంది కనుక దాని పరుగు కనిపించడంలో వింత లేదు. స్వాతి 37 కాంతి సంవత్సరాల దూరాన ఉండి అంత జరుగుతోంది. లెక్క కడితే సూర్యుడితో పోలిస్తే దాని వేగం సెకనుకు 122 కిలోమీటర్లు. హైదరాబాదులో ఊపిరి పీల్చి వదిలేలోగా వరంగల్ దాటిపోతుంది.

అయితే ఇందులో ఒక మెలిక ఉంది. మన పాలపుంతలో సూర్యుడు కేంద్రం చుట్టూ సెకనుకు రెండు వందల ఇరవై కిలోమీటర్లకు పైగా వేగంతో తిరుగుతుంటాడు, తోటి నక్షత్రాలు చాలావరకు అదే జోరులో వస్తుంటాయి. స్వాతి అదే దిక్కుకు ఇంచుమించు అందులో సగం వేగంతో వస్తోంది. అంటే అది పరుగెత్తడం లేదు, వెనకపడుతోంది. దేవరకొండ రోడ్డు మీద ఎక్స్‌ప్రెస్ బస్సు కిటికీ లోంచి ఎడ్లబండిని చూస్తే బండే వెనక్కి పోతున్నట్టుంటుందే, అది. ఇంకో నాలుగు వేల ఏళ్లకు మనకు అతి దగ్గరవుతుంది, దగ్గరంటే ఇప్పటి కంటే ఒక పిసరు మాత్రమే. ఆ తరవాత దూరమవుతూ పోతుంది. ఇలా వెనకపడే చుక్కలు ఇంకా ఉన్నాయని 1971లో ఒలిన్ ఎగ్గెన్ ఒక గుంపుగా చూపించాడు. ఎప్పుడో పాలపుంత మింగేసిన చిన్న గెలాక్సీ సంతానమని కొందరు, కాదు ఇక్కడివే, గెలాక్సీ కదలికలకు అలా కూడాయని కొందరు. ఆ కేసు ఇంకా నడుస్తోంది.

ఇంతకూ స్వాతి ఎంత పెద్దది? 1905లో హెర్ట్స్‌స్ప్రుంగ్ ఎర్ర చుక్కల నడకలను పరిశీలించి, వాటిలో రెండు జాతులున్నాయన్నాడు. కొన్ని నిజంగానే మసకవి, కొన్ని ఎంతో దూరాన ఉండి కూడా వెలిగేవి. రంగు ఒకటే అయినా వెలుగులో అంత తేడా ఉందంటే రెండోవాటి ఒళ్లు పెద్దదై ఉండాలి. అవే రాక్షస తారలు. ఆ మాట ఒట్టి ఊహ కాదని 1920 దశకం మొదట్లో కాలిఫోర్నియాలోని మౌంట్ విల్సన్ మీద ఫ్రాన్సిస్ పీజ్ ఇంటర్‌ఫెరోమీటరుతో రుజువు చేశాడు. స్వాతి బింబం వెడల్పు వికళలో యాభయ్యో వంతు తేలింది. దూరంతో గుణిస్తే సూర్యుడికి 25 రెట్ల వెడల్పు. వెలుగు 170 రెట్లు. బరువు మాత్రం సూర్యుడంతే, మహా అయితే పదో వంతు ఎక్కువ. అంత బరువు అంత చోటులో పరిచారంటే సగటు సాంద్రత మనం పీల్చే గాలిలో పదమూడో వంతుకు దిగిపోతుంది. మెరుస్తున్న ఆ చుక్క లోపల ఎక్కువ భాగం గాలి కంటే పలచన. వయసు ఏడు వందల కోట్ల ఏళ్ల పైమాట. కడుపులో హైడ్రోజన్ అయిపోయింది, గర్భం కుంచించుకుపోయి వేడెక్కింది, దాని చుట్టూ పొరలో మంట అంటుకుంది, పైకప్పు ఉబ్బి చల్లబడి ఆ నారింజ రంగు తేలింది. మన సూర్యుడికీ ముందు ముందు ఇదే గతి.

దూరం తెలియడం ఎంత కష్టమో షికాగో వాళ్ల సరదా చెబుతుంది. 1893లో అక్కడొక మహా ప్రదర్శన జరిగింది. 1933లో ఇంకొకటి. స్వాతి 40 కాంతి సంవత్సరాల దూరమని అప్పటి లెక్క, కాబట్టి మొదటి ప్రదర్శన నాడు బయలుదేరిన వెలుగుతో రెండో ప్రదర్శన దీపాలు వెలిగిద్దామని యెర్క్స్ అబ్జర్వేటరీ డైరెక్టరుగా చేసిన ఎడ్విన్ ఫ్రాస్ట్ సూచించాడు. ఆయనకు అప్పటికే చూపు పోయింది. 1933 మే 27 రాత్రి స్వాతి వెలుగును దూరదర్శినులతో ఫొటోసెల్ మీద పట్టి, పుట్టిన కరెంటును తీగల మీద షికాగోకు పంపితే దీపాలు వెలిగాయి. నేటి లెక్కన ఆ వెలుగు బయలుదేరింది 1896లో. మూడేళ్లు ఆలస్యం. దీపాలకు ఆ సంగతి తెలియదు, వెలిగాయి.

ఇక మా ఊరి సంగతి. నవాబు జఫర్ జంగ్ ఇంగ్లండులో కొన్న గ్రబ్ దూరదర్శినితో 1901లో ఫిసల్‌బండలో అబ్జర్వేటరీ పెట్టి, నిజాం పేరు మీద నిజామియా అన్నాడు. 1907లో ఆయన పోయాక సర్కారు తీసుకుంది. 1908లో ఆర్థర్ చాట్‌వుడ్ డైరెక్టరుగా వచ్చాడు, పని బేగంపేటకు మారింది. అప్పటికి 1887 పారిస్ సభ తీర్మానం ప్రకారం ప్రపంచమంతా ఆకాశాన్ని పట్టీలుగా పంచుకుని ఫొటోలు తీస్తోంది. చిలీలోని శాంటియాగో వదిలేసిన పట్టీ, దక్షిణంగా 17 నుంచి 23 డిగ్రీల దాకా, హైదరాబాదుకు దక్కింది. అనూరాధలో రెండు చుక్కలు ఆ పట్టీలోనివే. తరవాత ఉత్తరాన 36 నుంచి 39 డిగ్రీల దాకా ఇంకో ముక్క ఇచ్చారు. స్వాతి ఉన్న పట్టీ పారిస్ వంతు. గాజు పలకల మీద ఐదేసి మిల్లీమీటర్ల గళ్లు ముద్రించి, ఒక్కో గడిలో ఒక్కో చుక్క ఎక్కడుందో భూతద్దంలో చూసి అంకెలు రాయడం, అదీ పని. చాట్‌వుడ్, పోకాక్, భాస్కరన్ ఒకరి తరవాత ఒకరు చేయించారు. లక్షల కొద్దీ చుక్కలు. పలక మీద ఒక మిల్లీమీటరు ఆకాశంలో ఒక కళ. రోజంతా ఆ గళ్ల మీద వంగిన మెడల నొప్పి నేనెరుగుదును, టిప్పన్ గీసినవాణ్ణి కదా.

అదే అబ్జర్వేటరీలో సహాయకుడిగా పనిచేసిన ఒకాయన కొడుకు నిజాం కాలేజీలో చదివి హార్వర్డుకు వెళ్లాడు. వేణు బప్పు. స్వాతి వెలుగును విడదీస్తే కాల్షియం నల్లగీత నడుమ సన్నని వెలుగు గీత ఉందని 1913లో ఎబర్‌హార్డ్, ష్వార్ట్స్‌షీల్డ్ రాసి ఉన్నారు. 1957లో ఒలిన్ విల్సన్, బప్పు కలిసి చెప్పిందేమిటంటే, చల్లని నక్షత్రాల్లో ఆ వెలుగు గీత ఎంత వెడల్పుంటే ఆ నక్షత్రం అసలు వెలుగు అంత ఎక్కువ. అంటే దూరం తెలియకపోయినా రాక్షసి ఏదో మరుగుజ్జు ఏదో గీత చూసి చెప్పవచ్చు. విల్సన్–బప్పు ప్రభావమని దానికి పేరు.

బేగంపేట అంకెలు పుస్తకాల్లో అచ్చయి చాలా ఏళ్లు అలాగే పడి ఉన్నాయి. 1989 నుంచి 1993 దాకా హిప్పార్కోస్ ఉపగ్రహం పైనుంచి ఆకాశాన్ని కొలిచింది. కానీ మూడున్నర ఏళ్లలో చుక్క నడక ఎంతని తేలుతుంది? పాత టిప్పన్ కావాల్సి వచ్చింది. 2000లో వెలువడిన టైకో-2 పట్టికలో 25 లక్షల నక్షత్రాలున్నాయి. దాదాపు అన్నింటి కదలికనూ తేల్చింది ఆనాటి ఫొటో పట్టీల అంకెలను ఉపగ్రహం అంకెల పక్కన పెట్టి. అందులో పారిస్ పట్టీ ఉంది, హైదరాబాదు పట్టీలు రెండూ ఉన్నాయి.